రాకెట్టు మీకెందుకు అంటున్నారా? ముందు మాకే కావాలి!

 

పోస్టు కొంచెం పొడుగే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే గట్టిగా వాదించండి, మేము సిద్ధమే.

విషయం ఏంటంటే, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడల్లా మేము మా గూడేల్లో పిల్లల్ని పోగేసి నీళ్ళ రాకెట్లు చేయిస్తున్నాం. ఖాళీ కూల్‌డ్రింకు సీసా, పనికిరాని సైకిల్ ట్యూబు, నాలుగు అట్టముక్కలు, ఒక పంపు. అంతే సరుకు. దీని మీద మాకు మూడు వైపుల నుంచి మాటలొచ్చాయి.

ఒకటి, చదువు చెప్పే పెద్దమనుషుల మాట. "మీ పిల్లలు టెన్త్ గట్టెక్కితే అదే పదివేలు. రాకెట్లంట, రాకెట్లు!"

రెండోది, ఆఫీసుల మాట. "ల్యాబులు శాంక్షన్ అవుతాయి, కిట్లు వస్తాయి, అప్పుడు చేద్దురు. ఈ చెత్త ఏరుకుని చేసేదేంటి, పరువు తక్కువ."

మూడోది మనోళ్ళ మాటే. "పోడు పట్టాలు తేలలేదు, 1/70 అమలు లేదు, జీవో 3 పోయింది, డీఎస్సీ నెత్తి మీదుంది. మీరు సీసాలు ఎగరేస్తూ కూర్చుంటారా?"

మూడింటికీ సమాధానం చెప్తాం. మొదటి రెండూ తేలిక. మూడోదే బరువైంది, ఎందుకంటే అందులో నిజం ఉంది. అందుకే దాన్ని చివర్లో తీసుకుంటాం.

మొదటి మాట. "మీ పిల్లలు గట్టెక్కితే చాలు" అనేది జాలి మాటలా వినిపిస్తుంది. కానీ అది జాలి కాదు, కొలబద్ద. మనకి మాత్రమే చిన్నగా కోసిన కొలబద్ద. టౌనులో ప్రైవేటు బడి పిల్లాడికి ఒలింపియాడ్, రోబోటిక్స్. మన ఆశ్రమ పాఠశాల పిల్లకి మాత్రం ముఖ్యమైన ప్రశ్నలు, బిట్ పేపరు, బట్టీ. తొమ్మిదో తరగతిలో గమన నియమాల పాఠం ఉంది. చర్యకి సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని ప్రతి పిల్లా గడగడా అప్పజెప్తుంది. ఒక్కసారన్నా చేత్తో ఆ ప్రతిచర్యని పట్టుకుందా? బీరువాలో సామాను ఉంటుంది, బీరువాకి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఇది మనలో చాలామంది చదివిన హాస్టళ్ళ సంగతే.

నవ్వే పెద్దమనుషులకి ఒక చరిత్ర గుర్తుచేస్తాం. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ అనే ఆయన రాకెట్టు చంద్రుడి దాకా పోగలదని రాస్తే, 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో ఎగతాళి చేసింది. గాలే లేని చోట రాకెట్టు దేన్ని తన్ని ముందుకి పోతుంది, హైస్కూలు పిల్లలకి తెలిసిన సంగతి కూడా ఈయనకి తెలీదు అన్నట్టు రాసింది. ఆరేళ్ళకి, 1926 మార్చి 16న, గొడార్డ్ ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్టు ఎగరేశాడు. ఎక్కడ? మసాచుసెట్స్ రాష్ట్రంలో బంధువుల పొలంలో. ఎంతసేపు? రెండున్నర సెకన్లు. ఎంత ఎత్తు? 41 అడుగులు. పడింది క్యాబేజీ మడిలో. చివరికి 1969 జులైలో, అపోలో-11 చంద్రుడి దారిలో ఉండగా, అదే పత్రిక తను రాసింది తప్పని సవరణ వేసుకుంది. అప్పటికి గొడార్డ్ చనిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.

సరిగ్గా చేసిన సీసా రాకెట్టు ఆ 41 అడుగుల్ని దాటిపోతుంది. మా పిల్లలు గొడార్డ్ కన్నా గొప్పోళ్ళని చెప్పడం లేదు. ప్రతి పెద్ద పనీ ఎవరో నవ్వుతుంటే ఒక పొలంలోనే మొదలైందని చెప్తున్నాం. మనకి పొలాలున్నాయి. నవ్వేవాళ్ళకి కూడా కొదవ లేదు.

ఇక రెండో మాట: "చెత్తతో చేస్తే పరువు తక్కువ." ఎవరి పరువు? 1963 నవంబర్ 21న తుంబాలో మన దేశం నుంచి మొదటి సౌండింగ్ రాకెట్టు లేచింది. అక్కడి చర్చిలో ఆఫీసు పెట్టుకున్నారు. రాకెట్టు భాగాల్ని సైకిలు మీద తోసుకెళ్ళారు. ఆ ఫోటో ఇప్పటికీ అందరూ గర్వంగా చూపిస్తారు. 1981లో ఆపిల్ ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎడ్లబండి మీద పెట్టారు. ఆ ఫోటోకి కూడా చప్పట్లే. ఇస్రో సైకిలు వాడితే స్ఫూర్తి, మా గూడెం పిల్ల సైకిలు పంపు వాడితే పరువు తక్కువా?

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. మాకూ కావాలి, అడుగుదాం, పోట్లాడి తెచ్చుకుందాం. కానీ ఆ 20 లక్షలు వచ్చేదాకా ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్ల ఆగాలా? ఆ పిల్లకి తొమ్మిదో తరగతి మళ్ళీ రాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బడుల్లో చేతులతో చేసి నేర్చుకునే సైన్సు కార్యక్రమం మొదలుపెట్టారు. ఊళ్ళో దొరికే సామానుతోనే ప్రయోగాలు. ఐఐటీలో చదివిన అర్వింద్ గుప్తా గారు అక్కడే ఆ బాట పట్టి, పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసి సైన్సు నేర్పడానికే జీవితం పెట్టారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. చెత్తతో సైన్సు చెప్పడం పేదోళ్ళకి పడేసే ముష్టి కాదు. అది ఒక పద్ధతి.

అసలు పరువు తక్కువ ఏంటో మేము చెప్తాం. సైన్సు ఫెయిర్ ముందు రోజు టౌన్‌కెళ్ళి రెడీమేడ్ మోడల్ కొనుక్కొచ్చి, పిల్ల చేతికి ఒక పేపరిచ్చి "ఇది చదివెయ్" అనడం. మెరిసే థర్మోకోల్‌కి బహుమతి, ఆలోచనకి సున్నా. అదీ పరువు తక్కువ.

ఇక చేసే పద్ధతి. పని తెలీకుండా వాదన ఎందుకు?

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకోవాలి. గ్యాసు ఉండే డ్రింకుదే కావాలి, ఎందుకంటే లోపలి ఒత్తిడి తట్టుకునేలా దాన్ని గట్టిగా చేస్తారు. మంచినీళ్ళ సీసా పల్చన, పగులుతుంది. గీతలు పడింది, నలిగింది, ఎండకి పాడైంది అసలొద్దు. పాత సైకిల్ ట్యూబు నుంచి వాల్వు కోసుకోవాలి. సీసా మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా కావాలి. దొరక్కపోతే అరిగిపోయిన హవాయి చెప్పు రబ్బరుని గుండ్రంగా కోసి, పొరలు అంటించి చేసుకోవచ్చు. బిరడా మధ్యలో పెద్దవాళ్ళ చేత చిల్లు పెట్టించి వాల్వు దూర్చాలి. గాలి కారకుండా చుట్టూ ఎం-సీల్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి.

సీసా తలకిందులుగా ఎగురుతుంది. అంటే మూతి కిందకి, అడుగు పైకి. పైన మెత్తటి ముక్కు కావాలి. గుడ్డలో చుట్టిన మట్టిముద్ద, దాని మీద కాగితం శంకువు. ముక్కుకి ఇనుము, కర్ర పెట్టొద్దు. కింద మూతి దగ్గర పాత ఫైలు అట్టతో మూడు రెక్కలు, సమాన దూరంలో, టేపుతో గట్టిగా.

ఇక్కడ ఆగి ఒకటి అడుగుతాం. ముందు బరువు ఎందుకు? వెనక రెక్కలు ఎందుకు? మన తాత బాణం చూడండి. ముందు ఇనుప ములికి, వెనక ఈకలు. బరువు ముందుంటే, గాలి పట్టు వెనకుంటే, బాణం పక్కకి తిరిగినా గాలే దాన్ని మళ్ళీ దారిలో పెడుతుంది. ఇంజనీరింగులో దీన్ని స్థిరత్వం అంటారు. బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి ముందుండాలి అంటారు. ఇదే సూత్రం మా గూడెంలో గోడకి వేలాడుతోంది! కానీ పుస్తకంలో ఆ బాణం బొమ్మ లేదు. "మీ ఇంట్లో ఉన్న బాణం తీసుకురా, దాంతో పాఠం మొదలెడదాం" అన్న సారు మాకు ఒక్కరూ తగల్లేదు.

మా తాతలే రాకెట్టు కనిపెట్టారని మేము అనం. అలాంటి ఉత్తుత్తి గొప్పలు వద్దు. బాణం బాణమే, రాకెట్టు రాకెట్టే. మన పిల్ల సైన్సులోకి ఖాళీ చేతులతో రావడం లేదు, అంతే మేము అనేది.

తర్వాత, సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, మూతి కిందకి వచ్చేలా ఇటుకల మధ్యనో మూడు పుల్లల మీదో నిలబెట్టాలి. పంపు పైపు పొడుగుండాలి. పంపు కొట్టేవాళ్ళు తప్ప మిగతా అందరూ కనీసం పదిహేను అడుగుల దూరం. ఎవరూ సీసా మీదకి వంగకూడదు. పేలకపోయినా దగ్గరికెళ్ళి తొంగి చూడకూడదు, ముందు పంపు ఊడదీసి గాలి వదిలెయ్యాలి. గేజి ఉన్న పంపు అయితే 40 పీఎస్ఐ దాటొద్దు. కరెంటు తీగలు, ఇళ్ళు, పశువులు లేని ఖాళీ జాగా కావాలి. అగ్గిపుల్లల మందు, టపాకాయల మందు, ఇంకే మందూ వద్దే వద్దు. వేళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి. దీంట్లో మాకు రాజీ లేదు.

గాలి బిరడాని తోసేస్తుంది. లోపలి గాలి నీళ్ళని కిందకి నెడుతుంది, నీళ్ళు సీసాని పైకి నెడతాయి. బుస్సుమని లేస్తుంది! నీళ్ళన్నీ క్షణంలో అయిపోతాయి. ఆ తర్వాత సీసా ఉత్త ఊపు మీదే పోతుంది. గాలిని తన్నుకుని పోవడం కాదు, తనలో ఉన్నదాన్ని విసిరేసి పోవడం. న్యూయార్క్ టైమ్స్‌కి 1920లో అర్థం కానిది ఇదే.

అసలు చదువు ఇప్పుడు మొదలవుతుంది. నీళ్ళు అస్సలు పోయకపోతే? సగం పోస్తే? నిండా పోస్తే? పిల్లల్నే చెప్పమనండి, రాసుకోమనండి, తర్వాత ఎగరేసి చూడమనండి. నీళ్ళు లేకపోతే విసరడానికి బరువు లేదు, గాలి మాత్రమే పోతుంది. నిండా ఉంటే గాలికి చోటు లేదు, నెట్టే బలం లేదు. మధ్యలో ఎక్కడో మంచి చోటుంది. అది ఎక్కడుందో సారు చెప్పక్కర్లేదు, సీసాయే చెప్తుంది. ఒక్కోదాన్నీ మూడుసార్లు ఎగరెయ్యాలి, ఒకసారిది నమ్మకూడదు.

ఎత్తు కొలవడానికి కంపాస్ బాక్సులో కోణమాని చాలు. దాని తిన్నని అంచుకి ఖాళీ పెన్ను గొట్టం అంటించి, మధ్య బిందువు నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయాలి. రాకెట్టు లేచే చోటు నుంచి 30 మీటర్లు కొలుచుకుని నిలబడి, గొట్టంలోంచి రాకెట్టు ఆగిన చోటుని చూడాలి. దారం చూపే అంకెని 90 నుంచి తీసేస్తే కోణం వస్తుంది. 45 డిగ్రీలు వచ్చిందంటే ఎత్తు 30 మీటర్లు, దానికి మన కంటి ఎత్తు కలుపుకోవాలి. వేరే కోణం వస్తే టాన్ పట్టిక తీయాలి. పదో తరగతిలో త్రికోణమితి అనువర్తనాలు అని వణికించే పాఠం ఇదే. గుడి గోపురం, దీపస్తంభం, ఓడ అని లెక్కలిస్తారు. మా కొండ మీద పిల్ల ఓడ ఎక్కడ చూసింది? తను చేసిన రాకెట్టు ఎత్తు అయితే తనే అడుగుతుంది, "అన్నా, ఎంత పోయింది?" అని. ఆ ప్రశ్న పిల్ల నోటి నుంచి రావడమే చదువు. మిగతాదంతా అప్పజెప్పడం.

ఇంకో మాట. ఈ పని చేసేటప్పుడు పిల్లలు కోయలో, గోండులో, కొండ భాషల్లో మాట్లాడుకుంటారు. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అని పెద్దలు కొట్టుకుంటుంటే, వాళ్ళు తమ భాషలో "రెక్క వంకరుంది, గాలి కారుతోంది, బరువు చాల్లేదు" అని వాదించుకుంటారు. బడిలో నోరు తెరవని పిల్లలు అక్కడ అరిచి వాదిస్తారు. మన భాషల్లో సైన్సు చెప్పలేం అనేవాళ్ళు వచ్చి చూడాలి.

ఇప్పుడు మూడో మాట, మనోళ్ళది. "పోడు, 1/70, జీవో 3 ఉండగా ఆటలేంటి?"

అన్నలారా, ఆ పోరాటాలు మావి కూడా. ధర్నాలో మీ పక్కనే కూర్చున్నాం, ఇకముందూ కూర్చుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక ఆదివాసీలకే ఉండాలని మనం ఎందుకు కొట్లాడుతున్నాం? ఉద్యోగం కోసమేనా? మన పిల్లల భాష, బతుకు తెలిసినోళ్ళు చదువు చెప్పాలని కదా? మరి మనోడు టీచరై వెళ్ళి, అదే బిట్ పేపరు, అదే బట్టీ, అదే తాళం వేసిన బీరువా అయితే మన వాదనకి బలం ఎక్కడుంది? కుర్చీలో మనిషి మారాలి, నిజమే. ఆ కుర్చీ ముందు కూర్చున్న పిల్ల చదువు కూడా మారాలి.

పోడు సంగతి చూడండి. సర్వేకి వస్తారు, మిషను పట్టుకుని చుట్టూ తిరుగుతారు, కాగితం మీద ఏదో అంకె వేస్తారు. మన పెద్దలు సాగుచేసేది ఒకటి, పట్టాలో పడేది ఒకటి. అప్పుడు "ఇది తప్పు, మా లెక్క ఇదిగో" అని చూపించడానికి మన దగ్గర ఏముంది? కోణం, దూరం, విస్తీర్ణం చేత్తో కొలిచి, మూడుసార్లు సరిచూసి, పుస్తకంలో రాసుకున్న పిల్ల రేపు సర్వేయరు పక్కన నిలబడి కొలత అడగగలదు. కొలత తెలిసిన మనిషిని మోసం చేయడం కష్టం. రాకెట్టు ఎత్తు కొలిచే చెయ్యే పోడు గట్టు కొలుస్తుంది. ఇది ఆ పోరాటానికి పక్కదారి కాదు, దానికి కావాల్సిన బలం.

చివరిగా ఒకటి. రాకెట్టు మాకు సంబంధం లేని వస్తువు అనేవాళ్ళు శ్రీహరికోట చరిత్ర చదవాలి. పులికాట్ పక్కన ఆ దీవిలో యానాదులు బతికేవాళ్ళు. మన ఆదివాసీలే. చేపల వేట, అడవి దుంపలు, తేనె, వనమూలికలు, అదీ వాళ్ళ బతుకు. 1969లో ఆ దీవిని రాకెట్టు కేంద్రానికి ఎంచుకున్నారు. యానాది కుటుంబాల్ని తమ చోట్ల నుంచి తరలించారు. 1971 అక్టోబర్ 9న అక్కణ్ణుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్టు లేచింది. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది కూడా అదే నేల నుంచి. దేశమంతా చప్పట్లు కొట్టింది, మేమూ కొట్టాం. కానీ కొడుతూ ఒక ప్రశ్న కూడా వేసుకున్నాం. నేల మనది. ఆ నేల మీద లేచే రాకెట్టు లెక్క కట్టే చేతుల్లో మన చేతులెన్ని? రాకెట్టుకి చోటివ్వడానికి పనికొచ్చాం, రాకెట్టు నేర్చుకోడానికి పనికిరామా?

ఆగస్టు 9 వస్తే మనల్ని పిలుస్తారు. థింసా వేయమంటారు, గుస్సాడి ఆడమంటారు, కొమ్ములు ఊదమంటారు. వేస్తాం, ఆడతాం, ఊదుతాం. అది మన గర్వం. కానీ స్టేజీ దిగాక ఫోటోలు తీసుకుని పంపేస్తారు. ఆదివాసీ అంటే ఆట పాట మాత్రమే అని వాళ్ళు అనుకుంటే అనుకోనీ, మనం కూడా అలాగే అనుకోవడం మొదలుపెడితేనే ప్రమాదం. అదే రోజు, అదే గ్రౌండులో, డప్పు ఆగిన తర్వాత మన పిల్లలు చేసిన పది రాకెట్లు లేవాలి. అప్పుడు కలెక్టరు గారైనా, పీవో గారైనా తల పైకెత్తి చూడాల్సిందే.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని రాజ్యాంగం 51ఏ అధికరణలో రాసుంది. బాధ్యత మాదైతే దానికి కావాల్సిన అవకాశం మీ బాధ్యత కాదా అని ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం, పాడేరు, సీతంపేట, అన్ని ఐటీడీఏల్నీ అడుగుదాం. మేము అడిగేవి ఇవీ:

ప్రతి ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో సైన్సు బీరువా తాళం వారానికి ఒక రోజైనా తీయాలి. తాళంచెవి పిల్లల సైన్సు లీడరు దగ్గర కూడా ఉండాలి.

సైన్సు ఫెయిర్‌లో కొన్న మోడల్‌కి మార్కులు వద్దు. పిల్ల సొంత నోటుబుక్కు, అందులో పోయిన ప్రయోగాల లెక్క కూడా చూసి మార్కులివ్వాలి.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం నాడు ఉపన్యాసాలు తగ్గించి గ్రౌండులో ప్రయోగాలు పెట్టాలి.

ఇవి సర్కారుకి. మనకి మనం పెట్టుకోవాల్సింది ఒక్కటే. డిగ్రీ, బీటెక్, బీఈడీ చదువుతున్న ప్రతి ఒక్కరూ ఈసారి సెలవుల్లో ఒక ఆదివారం తమ గూడేనికి ఇవ్వాలి. అమ్మాయిలే ముందు పంపు పట్టుకునేలా చూడాలి, ఎందుకంటే మగపిల్లలు పంపు లాక్కుంటారు, ఆడపిల్లలు నీళ్ళు మోసే పనిలో మిగిలిపోతారు. రాకెట్టు దగ్గర కూడా నీళ్ళు మోసే పని ఆడపిల్లదేనా?

ఎగరని రాకెట్టుకి ఎవర్నీ తిట్టొద్దు. ఎందుకు ఎగరలేదో వాళ్ళనే కనిపెట్టమనండి.

మీ ఊళ్ళో ఎన్ని మీటర్లు పోయిందో, ఎంత నీళ్ళు పోశారో, ఎన్నిసార్లు కొలిచారో ఇక్కడ రాయండి. ఫోటో లేకపోయినా పర్లేదు, లెక్క మాత్రం ఉండాలి.

జై జోహార్!